పిక్సెల్ చిన్నదైతే సరిపోదు
గామా డిటెక్టర్ల మీద ఒక రాత చదివా, పిక్సెల్ (డిటెక్టర్‌లోని చిన్న గడి) ఎంత చిన్నగా చేస్తే ఈవెంట్లు (ఫోటాన్ తగిలినప్పుడు నమోదయ్యే సంకేతాలు) ఒకదాని మీద ఒకటి పడటం అంత తగ్గుతుందని, రెండు పిక్సెళ్ళలో ఒకేసారి కనిపించే డబుల్ ఈవెంట్లని పారేయాలన్నట్టు అందులో ఉంది. మొదటి మాట సగమే ఒప్పుకుంటా. ఒక్కో పిక్సెల్‌కి వచ్చే కౌంట్ రేటు తగ్గుతుంది, నిజమే, కానీ సీజడ్‌టీ (కాడ్మియం జింక్ టెల్యూరైడ్) క్రిస్టల్‌లో గామా తగిలి పుట్టిన ఎలక్ట్రాన్ల గుంపు యానోడ్ (వాటిని పోగుచేసే ఎలక్ట్రోడ్) దాకా వెళ్ళేలోపు కాస్త వెడల్పవుతుంది, అంచు దగ్గర పడిందంటే ఛార్జ్ రెండు పిక్సెళ్ళకీ పంచుకుపోతుంది, దానికి తోడు కాడ్మియం, టెల్యూరియం నుంచి వచ్చే 23, 27 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్, శక్తి కొలత) ఎక్స్‌రేలు కూడా పక్క పిక్సెల్‌లోకి పోతుంటాయి. అంటే పిక్సెల్ చిన్నదయ్యేకొద్దీ ఒకే గామా ఫోటాన్ రెండుగా కనిపించడం ఎక్కువవుతుంది. ఆ రెండు పిక్సెళ్ళ సంకేతాలూ కలిపేస్తే పోలా అంటారు గానీ అసలు తిప్పలు అక్కడే, అదే టైమ్ విండోలో (ఒకేసారి వచ్చినట్టు లెక్కించే కొద్దిపాటి సమయంలో) నిజంగానే రెండు వేరే ఫోటాన్లు పక్కపక్కన పడితే వాటినీ కలిపేస్తాం కదా. మా ల్యాబ్‌లో కోబాల్ట్-57 సోర్స్‌ని (122 కేఈవీ గామాలిచ్చే రేడియోధార్మిక పదార్థం) డిటెక్టర్‌కి బాగా దగ్గరికి జరిపితే 122 పీక్‌తో పాటు, వేరే వేరే ఫోటాన్లు రెండు కలిసిపోయి 244 దగ్గర ఉత్తుత్తి బంప్ ఒకటి లేస్తుంది, విండో కుదిస్తే అది తగ్గుతుంది గానీ క్రిస్టల్‌లో తగిలిన లోతులో తేడా వల్ల కాస్త ఆలస్యంగా వచ్చే అసలు జంటలు కూడా పోతాయి. ఇంకో సంగతి, 2015లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీ ఇమేజర్ పిక్సెల్ దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, అందులో ఈ పక్కపక్క డబుల్ ఈవెంట్లనే కాంప్టన్ స్కాటరింగ్‌గా (ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని తాకి దారి మళ్ళడం) తీసుకుని క్రాబ్ పల్సార్ (గిరగిరా తిరిగే న్యూట్రాన్ తార) నుంచి వచ్చే కిరణాల పోలరైజేషన్ (తరంగాలు ఒకే దిశలో ఊగే తీరు) కొలిచారు, కాబట్టి డబుల్ ఈవెంట్ వస్తే పారేయడమే అన్నట్టు రాయడం నాకైతే నచ్చలేదు.