బక్కమనిషి షుగర్‌కు ఫారంలో చోటేదీ?

షుగర్ అంటే బొజ్జ ఉన్నవాళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అని మన ఆరోగ్య శాఖలు ఇంకా నమ్ముతున్నాయి. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఆ నమ్మకంతో పెద్ద నష్టం లేకపోవచ్చు. ఆంధ్ర సరిహద్దున దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు మాత్రం అది ప్రమాదం. బక్కమనిషికీ షుగర్ వస్తుంది, పల్లెల్లో ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో మాత్రం అతనికి చోటు లేదు.

2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన సభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ‘టైప్ 5’ అనే రకాన్ని అధికారికంగా గుర్తించింది. వార్త ఒకరోజు కనిపించింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. తల్లి కడుపులోనో చిన్నప్పుడో సరైన తిండి అందక, క్లోమంలోని బీటా కణాలు చాలినంత ఇన్సులిన్‌ను తయారు చేయలేకపోవడం వల్ల వచ్చే మధుమేహం ఇది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివాళ్లు రెండు కోట్ల నుంచి రెండున్నర కోట్ల మంది ఉండొచ్చని అంచనా.

కొత్త పేరే గానీ జబ్బు పాతదే. 1955లో జమైకాలో హ్యూ జోన్స్ అనే వైద్యుడు దీన్ని గమనించాడు. పదేళ్లకు, 1965లో, ఒడిశా వైద్యులు బి.బి. త్రిపాఠీ, బి.సి. కర్ మన దేశంలో షుగర్ ఎన్ని రూపాల్లో కనిపిస్తోందో అమెరికా వైద్య పత్రికలో రాశారు. సన్నగా, చిన్న వయసులో ఉండి, షుగర్ బాగా పెరిగినా టైప్ 1 వాళ్లలా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు చేరి స్పృహ తప్పిపోని రోగుల గురించి అప్పట్లోనే ఒడిశా వైద్యులకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోప మధుమేహానికి తన వర్గీకరణలో ఒక గడి ఇచ్చింది. 1999లో, రుజువులు చాలవంటూ ఆ గడి తీసేసింది. గడి పోయినంత మాత్రాన రోగులు పోరు కదా. పోయింది పరిశోధన, నిధులు, వైద్య విద్యార్థి పుస్తకంలో ఒక పేజీ.

మళ్లీ కదలిక తెచ్చింది వెల్లూరు సీఎంసీ. అక్కడి డాక్టర్ నిహాల్ థామస్, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు చెందిన మెరెడిత్ హాకిన్స్, వాళ్ల బృందం 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. అందులో పాల్గొన్నది 73 మంది భారతీయ పురుషులు. బక్కపలచని రోగుల్లో ఇన్సులిన్ చాలా తక్కువగా తయారవుతోంది, కానీ ఉన్న ఇన్సులిన్‌కు శరీరం బాగానే స్పందిస్తోంది. కాలేయంలో కొవ్వు కూడా తక్కువే. టైప్ 2లో జరిగేదానికి ఇది తలకిందులు. టైప్ 1లా రోగనిరోధక వ్యవస్థ బీటా కణాల మీద దాడి చేస్తున్న గుర్తులూ లేవు. 2025లో కామెరూన్, ఉగాండా, దక్షిణాఫ్రికాల నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యపరిచింది. టైప్ 1 అని ముద్ర వేసిన యువ రోగుల్లో దాదాపు 65 శాతం మందిలో ఆ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీలే కనిపించలేదు.

పేరు ఏదైతేనేం, షుగర్ షుగరే కదా అనుకుంటే పొరపాటు. టైప్ 1 అనుకుని పూర్తి మోతాదు ఇన్సులిన్ రాసిచ్చారనుకోండి. పోడు చేసుకునే మనిషి, జీడితోటలో కూలికి పోయే మనిషి పొద్దున సూది వేసుకుంటాడు. మధ్యాహ్నం తిండి దొరకదు, లేదా ఇంత గంజినీళ్లతో సరిపెట్టుకుంటాడు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తర్వాత స్పృహ ఉండదు. టైప్ 2 అనుకుంటే ‘అన్నం తగ్గించు, బరువు తగ్గు, రోజూ నడువు’ అని సలహా. నలభై కిలోల మనిషి ఎక్కడ తగ్గుతాడు? రోజూ కొండ ఎక్కి దిగేవాడికి నడక నేర్పిస్తారా?

ఇక అసలు విషయానికి వస్తాను. ఊళ్లలో ఆశా కార్యకర్తలు నింపే జీవనశైలి జబ్బుల ఫారం ఒకటుంది. వయసుకు, పొగాకుకు, మద్యానికి, నడుం కొలతకు, వ్యాయామానికి, కుటుంబ చరిత్రకు మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ముప్పై దాటినవాళ్లకు మార్కులతో పని లేకుండా పరీక్ష చేయాలి, అది మంచిదే. ఇప్పుడు గుణుపురం పక్క పల్లెలో ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని ఊహించండి. వయసుకు సున్నా. నడుం తొంభై సెంటీమీటర్ల లోపే, సున్నా. ఒళ్లు వంచి పనిచేస్తాడు, సున్నా. ఇంట్లో ఎవరికీ షుగర్ పరీక్షే చేయలేదు కాబట్టి కుటుంబ చరిత్ర కూడా సున్నా. ఎంత బక్కగా ఉంటే, ఎంత కష్టపడితే అంత ఆరోగ్యవంతుడని ఈ ఫారం తేలుస్తోంది. బరువు తగ్గడం గురించిన ప్రశ్న అదే ఫారంలో ఉంది, కాకపోతే టీబీ లక్షణాల కింద. కుర్రాడు చిక్కిపోయాడని చెబితే కఫం పరీక్షకు పంపుతారు. కఫంలో ఏమీ లేదని తేలితే కథ అక్కడితో ఆగిపోయే అవకాశమే ఎక్కువ. ఆ పూటే వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూడటానికి పట్టేది నిమిషం.

పరీక్షలోనూ తిరకాసు ఉంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అన్నిచోట్లా ఒకేలా నమ్మదగినది కాదు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపం ఉంటే ఎక్కువ చూపించవచ్చు. దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఈ రెండూ ఉన్నాయి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం ఈ ప్రాంతాల్లో రక్తం తీస్తూనే ఉంది. ఆ ఫలితాన్ని షుగర్ డాక్టర్ ముందు పెట్టే ఏర్పాటు చేయడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎదుటి వాదన లేకపోలేదు. టైప్ 5ను నిర్ధారించే ఒకే ఒక్క పరీక్ష అంటూ ఇప్పటికి లేదు. చిన్ననాటి ఆకలే కారణమని పూర్తిగా రుజువు కాలేదు, జన్యువుల పాత్ర తేలాలి, తొందరపడి పేరు పెట్టారని కొందరు నిపుణులు అంటున్నారు. 73 మంది మగవాళ్ల మీద చేసిన అధ్యయనం చిన్నదే, ఒప్పుకుంటాను. అయితే రుజువులు చాలవన్న మాటతోనే 1999లో తలుపు మూశారు. మూసిన గదిలో రుజువులు ఎక్కణ్నుంచి వస్తాయి?

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పరీక్షల కంటే తిండి. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జావ తాగి జనం చనిపోయారు. ఆకలి చావులా, విషాహారమా అని అప్పట్లో ప్రభుత్వం, ప్రతిపక్షం వాదులాడుకున్నాయి. 2024లో కంధమాల్‌లోనూ అవే టెంకలు, అవే మరణాలు, అదే వాదన. కాశీపూర్‌లో ఆ ఏడాది తల్లి కడుపులో ఉన్న బిడ్డలకు ఇప్పుడు పాతికేళ్లు. టైప్ 5 బయటపడే వయసు సరిగ్గా అదే. చచ్చినవాళ్లను లెక్కపెట్టడంలోనే ఒక్క మాట మీద లేని ప్రభుత్వాలు, బతికినవాళ్ల ఒంట్లో మిగిలిన ఆకలిని లెక్కపెడతాయా?

దీనికి మన రెండు రాష్ట్రాల జవాబు ఒక్కటే: బియ్యం. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు అది పెద్ద మార్పే. 2013లో ఒడిశా రూపాయికే ఇచ్చింది, ఇప్పుడు కేంద్రం ఉచితంగా మనిషికి ఐదు కిలోలు ఇస్తోంది. ఆ బియ్యం లేకపోతే ఇంకెందరు పోయేవారో. కాకపోతే చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, అలచందలు పండించుకుని తిన్న మన్యంలో పళ్లెం నిండా తెల్లన్నమే మిగిలింది. ఇన్సులిన్ చాలని ఒంటికి ఇంతకంటే గడ్డు తిండి ఉండదు. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి కొంత దారి చూపింది. పప్పు, నూనె మాత్రం రేషన్ సంచిలోకి వచ్చినట్టే వచ్చి పోతున్నాయి. గర్భిణికి నెలనెలా అందే పప్పును నేను షుగర్ మందుల బడ్జెట్‌లో రాయమంటాను, సంక్షేమం పద్దులో కాదు.

సరిహద్దు వ్యవహారం వేరే చెప్పాలా? రాయగడలో జబ్బు చేస్తే తెలుగువాళ్లు రైలెక్కి పార్వతీపురం మీదుగా విజయనగరం, విశాఖ చేరతారు. పర్లాకిమిడి వాళ్లకు శ్రీకాకుళం దగ్గర. ఆసుపత్రి చీటీ ఒడియాలో, డాక్టర్ తెలుగులో. కోటియా గ్రామాలు మావంటే మావని వాదించుకునే రెండు ప్రభుత్వాలు, ఆ దారిన పోయే రోగి ఫైలు మాది అని మాత్రం అనవు.

టైప్ 5కు నిర్ధారణ ప్రమాణాలు, చికిత్స మార్గదర్శకాలు తయారు చేయడానికి, రోగుల రిజిస్ట్రీ నిర్మించడానికి సమాఖ్య వేసిన బృందానికి ఇచ్చిన గడువు సుమారు రెండేళ్లు, అంటే 2027 వరకు. ఆ బృందానికి నాయకత్వం వహిస్తున్నది థామస్, హాకిన్స్‌లే కాబట్టి వెల్లూరు రోగులు అందులో ఎలాగూ ఉంటారు. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల రోగులూ ఉండాలంటే బరంపురం ఎంకేసీజీలోనూ, కోరాపుట్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలోనూ ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష, టైప్ 1ను పట్టిచ్చే గాడ్ యాంటీబాడీ పరీక్ష ఉచితంగా చేయాలి. అవి చేసే కిట్లకు టెండర్ పిలవడానికే మన దగ్గర నెలలు పడుతుంది. ఆశా ఫారంలో ‘ముప్పై లోపు వయసు, బరువు బాగా తక్కువ, అతిగా దాహం’ అని ఒక గడి చేర్చడానికి మాత్రం టెండర్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.