డౌన్‌లోడ్స్ పోయినాయి సార్

నిన్న 20వ తేదీ. జీఎస్టీ తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు. తెలియనివాళ్ళకి ఇంకో రెండు ముక్కలు: నెలనెలా 3బి రిటర్ను, అంటే ఆ నెల అమ్మకాల, పన్నుల లెక్క, వేసేవాళ్ళకి అదే ఆఖరి రోజు. దాటితే రోజుకి 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో మా ఆడిటర్ సార్ ఆఫీసు. పొద్దున్నుంచీ పాత్రల అంగడాయన ఫోను మీద ఫోను, "మాది అయిందా సామీ?" అని. ఆయన అమ్మకాల ఎక్సెల్ షీటు మెయిల్లో వచ్చింది, దించుకున్నాను. కాబట్టి అది డౌన్‌లోడ్స్‌లో ఉండాలి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి ఎడమ పక్క చూస్తే డెస్క్‌టాప్ ఉంది, డాక్యుమెంట్స్ ఉంది, పిక్చర్స్ కూడా ఉంది. డౌన్‌లోడ్స్ లేదు.

ఎవరు తీసేశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ సమయంలో మౌస్ నా చేతిలోనే ఉన్నమాట వాస్తవం. కుడి బటన్ నొక్కితే దిగిన జాబితాలో దేన్నో ముట్టుకున్నమాట కూడా వాస్తవమే. అంతమాత్రాన కేసు రుజువైపోయినట్టేనా? "ఓపెన్ ఇన్ న్యూ విండో" అనేదాన్నీ "అన్‌పిన్ ఫ్రమ్ క్విక్ యాక్సెస్" (ఎడమ పక్క వరసలోంచి పేరు తీసెయ్యి) అనేదాన్నీ ఒకే జాబితాలో కూర్చోబెట్టిన మహానుభావుణ్ణి కూడా బోనెక్కించాలి. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యబోతే నిజంగానేనా అని అడిగే యంత్రం, దీనికి మాత్రం కిక్కురుమనదు.

మాకు సిస్టాలు చూసే అబ్బాయి ఒకడున్నాడు. ఏడాదికింతని కాంట్రాక్టు. ఎప్పుడు ఫోన్ చేసినా రేణిగుంటలో ఉంటాడు. రేణిగుంట జంక్షన్ కాబట్టి ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు అక్కడ దిగుతారు, రైలు మారతారు, వెళ్ళిపోతారు. ఇతను మారడు, వెళ్ళడు. "రేణిగుంటలో ఉండానన్నా, పది నిమిషాల్లో వచ్చేస్తా. డౌన్‌లోడ్స్ కనపళ్ళేదా? అట్లయితే డిలీట్ అయిపోయుంటాది. రీసైకిల్ బిన్‌లో చూడు, దొరక్కపోతే అన్నీ రీస్టోర్ కొట్టేయ్" అన్నాడు. వెనకాల నిజంగానే రైలు కూత వినపడింది. ఆ కూత కూడా రికార్డింగేమోనని నా అనుమానం.

బిన్ తెరిచాను. డౌన్‌లోడ్స్ పేరుతో ఏమీ లేదు. పాత్రల అంగడాయన మళ్ళీ ఫోను. పైన "రీస్టోర్ ఆల్ ఐటమ్స్" అని బటన్ కనపడింది. నొక్కాను.

మా ఆఫీసులో రీసైకిల్ బిన్ ఖాళీ చేసే ఆచారం లేదు. ఆడిటర్ ఆఫీసు కదా, ఏ కాగితం ఎప్పుడు అడుగుతారో తెలీదని చెత్తని కూడా దాచుకుంటాం. ఆ చెత్త మొత్తం, ఏది ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే, బుద్ధిగా బయల్దేరింది. నేను పారేసేవన్నీ డెస్క్‌టాప్ మీదనుంచే పారేస్తాను. కాబట్టి అన్నీ డెస్క్‌టాప్ మీదికే వచ్చాయి. ఎడమ అంచున మొదలైన బొమ్మలు వరస తర్వాత వరసగా కుడివైపుకి నడిచొచ్చి, సార్ పెట్టించిన ఏడుకొండలవాడి ఫొటోలో ముందు చక్రాన్ని, తర్వాత నామాన్ని, ఆఖరికి శంఖాన్ని కప్పేశాయి.

వచ్చినవాటిలో ముప్పావు వంతు ఆధార్ కార్డులు. తిరుపతిలో ఉండేవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదులుతారు, ఏ ఊరివాళ్ళయినా ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. కానీ మా బంధువుల లెక్కలో తిరుపతివాడి ఇంటర్నెట్ వేరు. కొండకింద ఉంటాం కాబట్టి మా వైరు నేరుగా పైకి పోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని మేనత్త ఆడబిడ్డ కొడుకు, వాడి తోడల్లుడు, ఆ తోడల్లుడి ఇంటి ఓనరు, అందరూ ముందూ వెనకా ఫొటో తీసిన ఆధార్‌లు నాకే పంపిస్తారు. టికెట్ దొరికితే స్వామి దయ. దొరక్కపోతే, "తిరుపతిలో ఉండి కూడా ఆమాత్రం చెయ్యలేకపోయినాడబ్బా" అని నా పేరు పలమనేరుదాకా పోతుంది. ఆ మాట పడ్డాక కార్డుల్ని చెరిపేసి మనసు తేలిక చేసుకుంటుంటాను. ఇప్పుడు వాళ్ళంతా పిలకాయల్తో సహా ఒకేసారి తిరిగొచ్చి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి సార్ గొంతు.

"ఎవురయ్యా వీళ్ళంతా?"

"మా బంధువులు సార్."

"పాన్ కార్డులుండాయా వీళ్ళకి?"

ఏం చెప్పాలో తోచలేదు. సార్ అద్దాలు ముక్కు చివరికి దించి స్క్రీన్ మీదికి వంగారు. బ్యాలెన్స్ షీటులో రూపాయి తేడాని పట్టుకునే కళ్ళవి. అన్ని వందల బొమ్మల మధ్య, సోదరసోదరీమణుల కార్డులన్నీ దాటుకుని, కింద మూల పక్కపక్కన ఉన్న మూడు వర్డ్ ఫైళ్ళ దగ్గర ఆగారు. "రాజీనామా." "రాజీనామా ఫైనల్." "రాజీనామా ఫైనల్ సార్‌కి ఇవ్వాల్సింది."

ఆడిట్ సీజన్లో రాత్రి పదకొండింటికి ఆఫీసులో కూర్చున్న ప్రతి గుమాస్తా రాసుకునే సాహిత్యం అది. రాస్తాం, చదువుకుంటాం, ఆకలి తగ్గినట్టుంటుంది, చెరిపేస్తాం. ప్రచురణ ఉద్దేశం ఉండదు.

"ఆ మూడోది తెరువు" అన్నారు సార్.

తెరిచాను. నిలబడే చదివారు. నేను సగం లేచి, సగం కూర్చుని ఉన్నాను. ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం లేదు. "అరకొర జీతం" అన్న చోట ఆగినట్టనిపించింది. కానీ మొహంలో కోపం లేదు, బాధా లేదు. క్లయింటు ఇచ్చిన వోచరు చూసేటప్పుడు ఎట్లుంటారో అట్లే ఉన్నారు. చివరిదాకా చదివి, మళ్ళీ పైకెళ్ళి, వేలు పెట్టి చూపించారు.

"నోటీసు పీరియడ్ ఒక నెల అని రాసినావు. మన అపాయింట్‌మెంట్ లెటర్లో రెండు నెలలు ఉండాది. తేదీ లేదు. కింద సంతకానికి చోటు వదల్లేదు. ఇట్ల ఇస్తే చెల్లదు."

"ఇవ్వడానికి కాదు సార్..."

"ఇచ్చేదీ ఇవ్వందీ నీ ఇష్టం. డ్రాఫ్టింగ్ మాత్రం సరిగ్గా ఉండాల" అని లోపలికెళ్ళిపోయారు. తలుపు దగ్గర ఆగి, "ఆఫీసు సిస్టంలో సొంత పనులొద్దని చెప్పినాను కదా" అన్నారు. అది ఆధార్‌ల గురించో రాజీనామా గురించో తెలియలేదు.

మా ఆఫీసులో ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణ, చేస్తున్న అమ్మాయి అప్పటికి టీ తాగి వచ్చింది. స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. నవ్వలేదు. ఆ మర్యాదకి నేను రుణపడి ఉన్నాను. ఎక్స్‌ప్లోరర్ తెరిచి, నేను ఇందాకట్నించీ చూస్తున్న ఆ ఎడమ పక్కనే కొంచెం కిందకి, "దిస్ పీసీ" అన్న పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కింది. డౌన్‌లోడ్స్ అక్కడే ఉంది. లోపల పాత్రల అంగడాయన షీటూ ఉంది.

"ఏదీ డిలీట్ కాలేదన్నా. పైన క్విక్ యాక్సెస్‌లో ఉండేది దారి మాత్రమే. లీలామహల్ సర్కిల్లో అలిపిరి బోర్డు పీకేస్తే అలిపిరి పోతుందా?" అంది. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి "పిన్ టు క్విక్ యాక్సెస్" ఎంచింది. పోయినది పోయినచోటే ప్రత్యక్షం. ఎప్పుడైనా మళ్ళీ కనపడకపోతే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో షెల్ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా డౌన్‌లోడ్స్ అని కొడితే నేరుగా తెరుచుకుంటుందని కూడా చెప్పింది. విండోస్ 7 రోజుల్లో అక్కడ ఫేవరెట్స్ అని ఉండేది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు క్విక్ యాక్సెస్ అయింది. ఆ పేరులోని క్విక్ నాకు వర్తించలేదు.

రిటర్ను దాఖలైపోయింది.

ఏడున్నరకి రేణిగుంట అబ్బాయి వచ్చాడు. బ్యాగు దించి, నీళ్ళు తాగి, కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. డౌన్‌లోడ్స్ మీద ఒకసారి నొక్కాడు. తెరుచుకుంది. తల ఆడించాడు.

"చెప్పినా కదన్నా, రీస్టోర్ కొడితే వచ్చేస్తాదని."

దాన్ని తెచ్చింది రీస్టోర్ కాదనీ, రీస్టోర్ తెచ్చినవేంటో డెస్క్‌టాప్ మీద చూడమనీ చెప్పబోయాను. అంతలో అతను సార్ గదిలోకెళ్ళిపోయాడు. "ఏం పర్లేదు సార్, డేటా అంతా సేఫ్" అనడం, దానికి సార్ "మంచిపని చేసినావు" అనడం బయటికి వినపడింది. ఆర్టికల్స్ అమ్మాయి తల వంచుకుని పెన్సిల్ చెక్కుకుంటోంది.

బయటికొచ్చి నా చేతిలో బిల్లు పెట్టాడు. డేటా రికవరీ 500, జీఎస్టీ 18 శాతం 90, మొత్తం 590.

"కాంట్రాక్టు ఉండాది కదబ్బా?"

"అది మెషీన్‌కన్నా. డేటా సెపరేటు."

వోచరు రాసి, బిల్లు జత చేస్తూ అలవాటుకొద్దీ పైన చూశాను. బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు.