షియావ్‌గాంగ్‌లో భూమి ఎవరి సొంతమూ కాలేదు

“1978లో చైనాలోని షియావ్‌గాంగ్ ఊరి రైతులు రహస్యంగా భూమిని సొంతం చేసుకున్నారు. దేశంలో అదే మొదటిసారి. ఊరు ధనవంతమైంది, చైనా ఆకలి తీరింది.” ఈ కథ చాలామంది పంచుకుంటున్నారు. ఆ పద్దెనిమిది కుటుంబాల తెగువ నిజం. ఉమ్మడి సేద్యం వదిలి పొలాలు పంచుకున్నందుకు ఎవరైనా జైలుకు పోతే వారి పిల్లలను పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావారు పెంచాలని రాసుకుని వేలిముద్రలు వేశారు. అంతటి మనుషుల కథను తప్పుగా చెప్పడం నాకు బాధగా ఉంది.

భూమి ఎవరికీ సొంతం కాలేదు. అది అప్పుడూ ఊరి ఉమ్మడి ఆస్తే, ఇప్పుడూ అంతే. కుటుంబాలకు దక్కింది సాగు హక్కు. ప్రభుత్వానికి, ఊరి ఉమ్మడికి ఇవ్వాల్సిన ధాన్యం ఇచ్చాక మిగిలిందంతా తమది. మన మాటల్లో ఇది కౌలుకు దగ్గర, పట్టాకు దూరం.

మొదటిసారీ కాదు. జెజియాంగ్ రాష్ట్రంలోని యోంగ్‌జియా కౌంటీలో 1956లోనే ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఘోరమైన కరువు తర్వాత 1961లో షియావ్‌గాంగ్ ఉన్న ఆన్‌హుయ్ రాష్ట్రమంతటా ‘బాధ్యతా పొలాలు’, అంటే ఉమ్మడి భూమిలో సాగు బాధ్యతను కుటుంబాలకు అప్పగించిన పొలాలు, వచ్చాయి. రెంటినీ పై నుంచి అణచివేశారు. 1978లో తేడా అక్కడే ఉంది: షియావ్‌గాంగ్ ఉన్న ఫెంగ్‌యాంగ్ కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి చెన్ తింగ్‌యువాన్ చూసీ అడ్డుపడలేదు, రాష్ట్ర నాయకుడు వాన్ లీ అండగా నిలిచాడు. ఆ ఇద్దరినీ తీసేస్తే, అంతకుముందు ఎందుకు ఓడిందో, ఈసారి ఎందుకు నిలిచిందో అర్థం కాదు.

ఇక ఆకలి తీరడం. 1979లో ప్రభుత్వం ధాన్యం కొనుగోలు ధరను 20 శాతం పెంచింది, తప్పనిసరిగా అమ్మాల్సిన కోటాకు మించి అమ్మితే ఆపైన మరో 50 శాతం ఇచ్చింది. ఎరువుల కర్మాగారాలు, సంకర వరి అంతకుముందే వచ్చాయి. 1978–84 మధ్య పెరిగిన పంటలో సుమారు సగం కుటుంబ సాగు వల్లేనని ఆర్థికవేత్త జస్టిన్ యీఫూ లిన్ 1992లో లెక్కకట్టారు. సగం చిన్న విషయం కాదు. కానీ సగమే.

ఊరు ధనవంతం కాలేదు. కడుపు నిండింది ఒక్క ఏడాదిలో. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా కలిమి గడప దాటి రాలేదని అక్కడివారే చెప్పుకున్నారు. మింగ్ రాజవంశాన్ని స్థాపించిన జూ యువాన్‌జాంగ్ పుట్టిన గడ్డ ఫెంగ్‌యాంగ్. హువాయ్ నది వరదలు, కరువులు తరిమితే డోలు వాయిస్తూ ఊరూరా అడుక్కున్న గాయకులకూ పేరుపడిన నేల అదే. ఈరోజు ఆ కౌంటీకి డబ్బు తెచ్చేవాటిలో ముఖ్యమైనది కొండల్లోని స్ఫటిక ఇసుక, దాంతో తయారయ్యే గాజు.