రెండు వందల అడుగుల గీతకు ఒక ఫిర్యాదు

డెసిషన్ హైట్ గారికి,
శంషాబాద్ రన్‌వేకి 200 అడుగుల పైన.

మలక్‌పేట నుంచి ఒక బాధితుడు నమస్కరించి రాయునది.

పోయిన డిసెంబరులో మా మేనకోడలి నిశ్చితార్థానికి ముంబై నుంచి తెల్లవారుజాము విమానంలో బయల్దేరాను. మేనమామను కదా, పట్టుచీర నా సంచిలోనే ఉంది. చక్రాలు బయటికొచ్చిన చప్పుడు కూడా విన్నాను. అంతలో ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి, మళ్లీ ఆకాశంలోకి లేచాం. పొగమంచులో రన్‌వే కనబడలేదట. రెండోసారీ అంతే. ఆ తర్వాత బెంగళూరు. నిశ్చితార్థం వీడియో కాల్‌లో చూశాను, అది కూడా పెదనాన్న బట్టతల వెనకనుంచి.

విచారిస్తే మూలం మీరేనని తేలింది: దిగాలా, మళ్లీ పైకి లేవాలా అని పైలట్ తేల్చుకోవాల్సిన ఎత్తు మీరేనట. విమానానికి రన్‌వే దారి చూపే ఐఎల్‌ఎస్ అనే వ్యవస్థకి రేడియో కిరణాలు రెండట. ఒకటి రన్‌వే నడిగీతను చూపిస్తుంది, రెండోది మూడు డిగ్రీల వాలును. వాటిని పట్టుకుని మబ్బులో ఏమీ కనబడకపోయినా దిగొచ్చు. క్యాట్ వన్ అనే మొదటి తరగతి పద్ధతిలో ఆ భోగం 200 అడుగుల దాకానే. అక్కడ "మినిమమ్స్", అంటే ఇక హద్దు వచ్చేసింది, అని మీ పిలుపు. రన్‌వే గానీ, దాని ముందున్న దీపాల వరస గానీ కనబడిందా, సరే. లేదా, పైకి.

అయ్యా, నేలకి మిగిలింది పావు నిమిషం! గుమ్మం దాకా రానిచ్చి తలుపేసుకోవడం ఏం మర్యాద?

మా ఊళ్లో ఏ గీతా ఇంత మొండిగా ఉండదు. సిగ్నల్ దగ్గరి తెల్లగీతను దాటాకే బండి ఆపుతాం. మిగతావి "జర చూడన్నా" అంటే వాటంతటవే జరుగుతాయి. పెళ్లికూతురి తండ్రి, మా బావ, పొగమంచులో ఔటర్ రింగ్ రోడ్డు మీద నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, ముందు లారీ ఎర్రలైటు పట్టుకుని పోతాడు. ఆయనకి మినిమమ్స్ లేవు. ధైర్యం ఉంది.

అన్నిటికన్నా ఒళ్లు మండించింది మీ ముందుచూపు. రన్‌వే మీద చూపు 550 మీటర్లకన్నా తగ్గిందని ముందే తెలిస్తే 1000 అడుగుల కిందికే రాకూడదట. ట్యాంకులో ఇంకో ఊరికి సరిపడా ఇంధనం, ఆపైన అరగంటకి సరిపడా మరికొంత. అంటే నేను ముంబైలో ఇడ్లీ తింటున్నప్పుడే నన్ను దింపకపోవడానికి సరంజామా సిద్ధం!

మంగళూరు విమాన ప్రమాదం సంగతి చదివాక మాత్రం ఒక పూట తిట్టలేకపోయాను. 2010 మే 22. అక్కడ పొగమంచు లేదు, రన్‌వే కనబడుతూనే ఉంది. పక్క సీటు పైలట్ గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని, మొత్తుకున్నా ఆగకుండా దిగారు. 158 మంది పోయారు.

పెళ్లి మాఘమాసంలో. ఈసారి ముందురోజు మధ్యాహ్నం విమానానికే టికెట్ తీసుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున మండపానికి తన కారులోనే పోదామన్నాడు బావ. మంచు ఉంటే ఎక్కనన్నాను. నొచ్చుకున్నాడు.

ఇట్లు,
పట్టుచీర ఆలస్యంగా ఇచ్చిన మేనమామ