బెండకాయల్లో సర్‌క్లిప్పు

మా బావమరిది జీవితమంతా ఒకే సూత్రం మీద నడుస్తోంది. డబ్బిచ్చి కొన్నదాన్ని పూర్తిగా వాడెయ్యాలి. పెళ్ళి భోజనంలో అయితే కాస్త మొహమాటపడతాడు గానీ, హోటల్లో భోజనం టికెట్ తీసుకున్నాడంటే ఆకు చివర వేసిన ఉప్పు కూడా మిగల్చడు. అలాంటివాడు సెకండ్ హ్యాండులో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాడు.

కొనడానికి కారణం లేకపోలేదు. భీమిలి దగ్గర పడవలు ఒడ్డుకు చేరే చోటికే వెళ్ళి చేపలు ఎత్తుకొచ్చి ఊళ్ళో అమ్మడం వాడి వ్యాపారం. మామూలు ట్రాలీ ఆటో ఇసుకలో దిగబడితే చేపలు వాసన వచ్చేదాకా కదలదు. సరే, కొన్నాడు. వైజాగ్‌లో బండి కొన్నవాళ్ళందరిలాగే ఆసీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు పెట్టి పూజ చేయించాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. అక్కడే వాడికి ఆలోచన వచ్చింది.

డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి మీట ఒకటి ఉంది. టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ అని రాసి ఉంటుంది. టూ హెచ్‌లో పెడితే ఇంజిను బలం వెనక చక్రాలకే వెళ్తుంది. ఫోర్ హెచ్‌లో నాలుగింటికీ వెళ్తుంది.

"నాలుగు చక్రాలకీ డబ్బులిచ్చాను బావా, నాలుగు నిమ్మకాయలు కొన్నాను. రెండు పనిచేస్తుంటే రెండు ఊరికే కూర్చుని తిరగడమేంటి?" అని మీటని ఫోర్ హెచ్ మీదకి తిప్పేశాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. బీచ్ రోడ్డు, సిరిపురం, జగదాంబ, పూర్ణా మార్కెట్, ఎక్కడికెళ్ళినా నాలుగు చక్రాల మీదే.

కొన్నాళ్ళకి బండి ప్రవర్తన మారింది. యూ టర్న్ కొడితే చాలు, ముందు టైర్లు కీచుమని, బండి మొత్తం గంగిరెద్దులా తల ఊపుకుంటూ గెంతుతూ తిరిగేది. "కొత్త బండి కదా, హుషారు" అన్నాడు వాడు. అది కొత్తదీ కాదు, హుషారూ కాదు. ఆ తర్వాత ఎండాడ ఎత్తు ఎక్కుతూ ఎక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కింద నుంచి "ఠక్" మని ఒక చప్పుడు. ఆగి, మళ్ళీ "ఠక్ ఠక్". పక్క సీట్లో కూర్చున్న నాకు పాదాల్లో తగిలింది.

ఇలాంటి చప్పుడు విన్నవాళ్ళు ఊరుకోరు కదా. సైలెన్సర్ వదులైందని కిళ్ళీ షాపతను చెప్పాడు. దిష్టి తగిలిందని మా అత్తగారు ఎండు మిరపకాయలు తీశారు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. బీచ్‌లో నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి 2001లో సర్వీసు నుంచి తప్పుకోకముందు దానికి రిపేర్లు చేసిన చేతులివి అని వారానికోసారైనా మాకు చూపిస్తుంటారు. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మౌంటింగ్" అన్నారు. అంతకు మించి చెప్పలేదు.

చివరికి గాజువాక ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. బండి కింద దూరి, ముందు షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి బయటికొచ్చాడు.

"చైను సాగిపోనాది బాబూ."

"బండికి చైనేంటి? ఇదేమన్నా సైకిలా?" అన్నాడు మా వాడు.

గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఒక అల్యూమినియం డబ్బా ఉంటుంది. వెనక చక్రాలకి వెళ్ళే బలం దాంట్లోంచి తిన్నగా పోతుంది. ముందు చక్రాలకి పంపాలంటే, ఇలాంటి బళ్ళలో, పక్కనున్న ఇంకో షాఫ్టుకి ఒక వెడల్పాటి ఇనప చైను ద్వారా అందించాలి. మేస్త్రి అసలు కారణం చెప్పినప్పుడు మా వాడి మొహం చూడాలి.

"మలుపు తిరిగినప్పుడు ముందు టైర్లు ఎక్కువ దూరం నడవాలి, వెనకవి తక్కువ. ఫోర్ వీల్‌లో రెండూ ఒకే స్పీడుకి కట్టేసుంటాయి. ఇసకలో అయితే టైరు కాస్త జారి సద్దుకుంటాది. తారు మీద ఎక్కడికి జారతాది? ఆ బిగువంతా చైను మీద పడతాది. ఎవులు బాబూ తారు రోడ్డు మీద ఫోర్ వీల్ యేసి తిరిగినోళ్ళు?"

నేను ఆకాశం వైపు చూశాను. మా బావమరిది నా వైపు చూశాడు. మేస్త్రి నన్నే బాధ్యుణ్ణి అనుకున్నాడని తర్వాత తెలిసింది.

"ఒక లింకు తీసేసి బిగించెయ్యలేమా? సైకిల్ షాపులో అలాగే చేస్తారు" అన్నాడు మా వాడు, ఖర్చు తగ్గే దారి వెతుకుతూ. ఈ చైనుకి విప్పే లింకు ఉండదు. పల్చటి రేకులు పక్కపక్కన పేర్చి పిన్నులతో బిగించిన చైను అది. సాగిందంటే మార్చడమే. కొత్త చైను ఢిల్లీ కశ్మీరీ గేటు మార్కెట్ నుంచి తెప్పించారు. షెడ్డు ఖర్చు కలిసొస్తుందని మా వాడు మేస్త్రిని ఆదివారం ఇంటికే రమ్మన్నాడు. ఎవరింటికి? మా ఇంటికి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గచ్చు సమంగా ఉందట.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. అడుగున బోల్టు విప్పితే పాత ఆయిలు నల్లగా కారింది. మా ఆవిడ పులిహోర కలిపే బేసిన్ ఆ రోజు నుంచి ఆయిల్ బేసిన్ అయింది. ఆయిల్లో ఏదో తళతళలాడుతుంటే మా వాడు వంగి చూసి, "ఇదేంటి మేస్త్రీ, అమ్మితే ఏమన్నా వస్తుందా?" అన్నాడు. "నీ కేసు గోడే బాబూ. వదులైన చైను గీకి గీకి తీసిన పొడి" అన్నాడు మేస్త్రి.

షాఫ్టులు విప్పేముందు మేస్త్రి వాటి మీద ఉలితో చిన్న గుర్తులు కొట్టాడు, మళ్ళీ అదే కోణంలో బిగించకపోతే బండి వణుకుతుందని. గీత గీస్తే సరిపోదా అని పెద్దాయన సలహా ఇచ్చారు. గీత గీసుంటే మా కొంప మునిగేది. మా వాచ్‌మన్ ఎవరూ అడక్కుండానే షాఫ్టులన్నీ కిరసనాయిలుతో తళతళలాడేలా తోమేశాడు. వైర్ల ప్లగ్గులు పీకి, కింద జాకీ పెట్టి, 30 కిలోల పైమాటే ఉన్న ఆ డబ్బాని నలుగురం కలిసి దింపాం. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు మేడ మీంచి చూసి, "సెల్లార్ నివాస అవసరాలకే" అని రూలు చదివి, కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నారు.

డబ్బా చుట్టూ బోల్టులు విప్పి రెండు ముక్కలు విడదీస్తే లోపల చైను కనిపించింది, రెండు పళ్ళ చక్రాల మధ్య వేలాడుతూ. పాత చైనుని, చక్రాల్ని ఒకేసారి పైకి లాగి, కొత్త చైనుని చక్రాలకి వేసి మళ్ళీ ఒకేసారి కిందికి దింపాలి. అదంతా మేస్త్రి చక్కగా చేశాడు. మిగిలింది సర్‌క్లిప్పు. పళ్ళ చక్రం షాఫ్టు మీంచి జారకుండా గాడిలో కూర్చునే తెగిన గాజులాంటి స్ప్రింగు రింగు.

"ఇది నేను వేస్తా" అన్నాడు మా బావమరిది. ప్లయర్స్ వాడివి, కొత్తగా కొన్నాడు. కొన్నది వాడాలి కదా.

ప్లయర్స్ మొనల మీద రింగు ఎక్కించి, విప్పి, షాఫ్టు మీదకి తెచ్చాడు. మొన జారింది. టింగ్. ఎక్కడో టంగ్. తర్వాత నిశ్శబ్దం.

సెల్లార్ అంతా వెతికాం. ఆదివారం, స్పేర్ పార్టుల షాపులన్నీ మూసేసున్నాయి. ఆ రింగు కొలత, మందం ఏదో ఒకటి అయితే సరిపోదు, గాడిలో సరిగ్గా కూర్చోవాలి. కేసు అడుగున ఇనప పొడిని పట్టుకోవడానికి ఒక అయస్కాంతం ఉంటుంది. మేస్త్రి దాన్ని తుడిచి పురికొసకి కట్టి సెల్లార్ అంతా ఈడ్చాడు. మేకులు వచ్చాయి, తలపిన్నులు వచ్చాయి, ప్రెసిడెంట్ గారి స్కూటర్ తాళాల గుత్తి వచ్చింది. వాచ్‌మన్ మీద ఆయన చాలాకాలంగా పెట్టుకున్న అనుమానం అక్కడితో తీరిపోయింది. సర్‌క్లిప్పు మాత్రం రాలేదు.

అప్పుడు డాక్‌యార్డు పెద్దాయన కళ్ళు మూసుకున్నారు.

"మొదటిది స్తంభం. రెండోది నీళ్ళ పైపు. మూడో చప్పుడు లేదు. అంటే మెత్తటి చోట పడింది. మెత్తటిదేముంది ఇక్కడ?"

వాచ్‌మన్ పరుపు దులిపాం. స్కూటర్ సీట్లు తడిమాం. మా వాడి లుంగీ మడతలు కూడా చూశాం. ఉన్నట్టుండి వాచ్‌మన్, "ఆ టైముకి రెండో అంతస్తు మామ్మగారు కూరల సంచీ పట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడి ఎవరి బండి అని అడిగారు కదండీ" అన్నాడు.

పరిగెత్తాం. తలుపుకి తాళం. పక్కింటి పాప బయటికొచ్చి, "మామ్మగారు కూరలబ్బాయితో దెబ్బలాడడానికి వెళ్ళారు అంకుల్" అంది.

పక్క వీధిలో బండి చుట్టూ జనం. మామ్మగారి చేతిలో మా సర్‌క్లిప్పు.

"బెండకాయల్లో ఇనప ముక్క పెట్టి తూకం పెంచుతున్నావా? నేనెన్నేళ్ళ నుంచి కొంటున్నాను నీ దగ్గర!"

కూరలబ్బాయి రింగుని లాక్కుని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాడు. 10 గ్రాములు చూపించింది. "ఈ పది గ్రాముల కోసం నేను మోసం చేస్తానా మామ్మా?"

"కిలోకి పది గ్రాములైతే వీధంతటికీ ఎంత? లెక్క కట్టు!"

జనం లెక్క కట్టడం మొదలుపెట్టారు. అప్పుడు మా బావమరిది, మోచేతుల దాకా ఆయిల్‌తో, రెండు చేతులూ జోడించి, "మామ్మగారూ, అది నాది" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. కూరలబ్బాయి పంపిన మనిషేమో అని ఒకాయన అన్నాడు. చివరికి మేస్త్రి పరిగెత్తుకొచ్చి, చేతిలోని ప్లయర్స్ రింగు కన్నాల్లో పెట్టి విప్పి చూపిస్తే గొడవ సద్దుమణిగింది.

కానీ కూరలబ్బాయి రింగు వదల్లేదు. "నా పేరు పోయింది కదా సార్, బేరం కూడా పోయింది. ఇప్పుడు నా దగ్గర బెండకాయలు ఎవరు కొంటారు?" అన్నాడు. న్యాయమే. మా వాడు బండి మీద ఉన్న బెండకాయలన్నీ కొన్నాడు. కొన్నది పారెయ్యడు కాబట్టి తర్వాత వాళ్ళింట్లో ఏమేం వండారో నేను చెప్పక్కర్లేదు. మా చెల్లెలు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

రింగు గాడిలో కూర్చుంది, ఈసారి మేస్త్రి చేత్తో. అంచులు గీకి, సిలికాన్ గమ్ము రాసి, రెండు ముక్కలు బిగించి, బండికి ఎక్కించి, ఎర్రటి కొత్త ఆయిలు పై కన్నంలోంచి బొట్లు కారేదాకా పోశారు. రెండు లీటర్ల లోపే పట్టింది. వెళ్ళేముందు మేస్త్రి నా వైపు వేలు చూపించి, "బాబూ, ఇంక తారు మీద ఫోర్ వీల్ యెయ్యకండి" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు.

మా బావమరిది ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఎంతగా అంటే, తర్వాత భీమిలి తీరంలో బండి ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వెనక చక్రాలు గుంత తవ్వుతున్నాయి, మీట టూ హెచ్ మీదే ఉంది.

"ఫోర్ వీల్ వెయ్యరా, దీనికే కదా కొన్నావు!"

"వద్దు బావా. కొత్త చైను. అరిగిపోద్ది."

వల లాగడానికి వచ్చిన వాళ్ళని పిలిచి, బంపరుకి మోకు కట్టించాడు. పదిమంది "హైలెస్సా" అని లాగుతుంటే వాళ్ళలో ముసలాయన ఒకడు ఊపిరి తీసుకోవడానికి ఆగి, బండి వెనక తలుపు మీద రాసున్న పెద్దక్షరాలు కూడబలుక్కుంటూ చదివి నన్ను అడిగాడు.

"ఫోరు బై ఫోరు అంటే ఏటి బాబూ? నలుగురు అటు, నలుగురు ఇటు లాగాలనా?"