క్లే బార్ సబ్బు బిళ్ళ కాదు

కారును శుభ్రంగా కడిగి తుడిచిన తరువాత కూడా బానెట్ మీద అరచేత్తో నిమిరితే సన్నని ఇసుక అంటుకున్నట్టు గరుకుగా తగులుతోందని ఎవరైనా అడిగితే చాలు, వెంటనే పదిమంది క్లే బార్ వాడమని చెబుతారు. సలహా తప్పు కాదు, నేనూ కొన్నేళ్ళుగా వాడుతున్నవాణ్ణే. నా అభ్యంతరమల్లా ఆ సలహా చెప్పే తీరు మీదనే. ‘తడిపి రుద్దండి, అద్దంలా మెరుస్తుంది’ అన్న ఒక్క మాటలోనే రెండు పొరపాట్లున్నాయి. క్లే బార్‌తో రుద్దకూడదు. మెరిపించడం దాని పని కాదు.

క్లే అన్న పేరు విని దానిని మట్టి అనుకుంటాం. పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టికీ దీనికీ పోలిక మెత్తదనం వరకే. సాగే గుణమున్న కృత్రిమ రెసిన్‌లో అతి సన్నని రాపిడి పొడిని కలిపి చేసిన ముద్ద ఇది. జపాన్‌కు చెందిన తదావో కొదాతే పేరు మీద 1995లో అమెరికాలో మంజూరైన పేటెంటుకు ‘ప్లాస్టిక్ ఫ్లెక్సిబుల్ గ్రైండింగ్ స్టోన్’ అని శీర్షిక పెట్టారు, అంటే వంగే సానరాయి అన్నమాట. కనిపెట్టినవాడు సానరాయి అని చెప్పుకున్న వస్తువును అమ్మేవాళ్ళు మట్టి అన్నారు, వాడేవాళ్ళు సబ్బు అనుకుంటున్నారు. పేరు మారినంత మాత్రాన దాని గుణం మారదు కదా.

ఇంతకీ కడిగినా వదలని ఆ గరుకు ఏమిటి? బ్రేకు వేసినప్పుడల్లా పోత ఇనుముతో చేసిన డిస్కుకూ ప్యాడ్‌కూ మధ్య పుట్టే రాపిడికి వేడెక్కిన ఇనుప రజను ఎగిరి రంగు మీద అతుక్కుంటుంది, తరువాత తేమ తగిలి అక్కడే తుప్పు పడుతుంది. తెల్ల కార్ల మీద సూదిమొనంత నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయే, అవి చాలావరకు ఇవే. దీనికి తోడు చెట్ల జిగురు, తారు తుంపర్లు, దగ్గర్లో ఎవరో గేటుకో గోడకో రంగు స్ప్రే చేస్తే గాలికి వచ్చి పడిన నలకలు, ఫ్యాక్టరీ పొగలోని రజను కూడా చేరతాయి. షాంపూ పైపై దుమ్మును మాత్రమే తీస్తుంది. క్లే ముద్ద, జారుడు కోసం ముందుగా తడిపే లూబ్రికెంట్ పొర మీద జారుతూ, రంగు మట్టానికి పైకి పొడుచుకు వచ్చిన ఈ నలకలను పట్టి లాగేసి తనలో ఇముడ్చుకుంటుంది. మట్టానికి కిందికి దిగినదాని జోలికి అది పోలేదు. గీతలు, కడగడంలో పడిన వలయాలు, పక్షి రెట్ట తిని వదిలిన మచ్చ, ఉప్పునీటి చుక్క ఆరి రంగును కొరికిన గుంట, ఇవేవీ క్లేతో పోవు. పోవడం లేదని ఇంకాస్త గట్టిగా రుద్దేవారిని చూసే నాకు ఈ పోస్టు రాయాలనిపించింది.

రుద్దితే ఏమవుతుందో తెలియాలంటే ఎంత మందం మీద పని చేస్తున్నామో తెలియాలి. చాలా కార్లకు ఫ్యాక్టరీలో వేసే రంగు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే, అందులో అన్నిటికన్నా పైనుండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండ నుంచి కింది రంగును కాపాడేది వెంట్రుకకన్నా పల్చనైన ఆ పొరే. క్లే సరిగ్గా వాడితే ఆ పొరకు నష్టం లేనట్టే, తప్పుగా వాడితే మాత్రం గీతలు పడతాయి, ఆ గీతలు పోవాలంటే పాలిష్ పట్టాలి, పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ పొర ఇంకొంత అరుగుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

అందుకని మొదట తేల్చుకోవలసింది క్లే అవసరమా కాదా అన్నది. కారు కడిగి, ఆరాక, చేతికి పల్చని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వేళ్ళ కొసలతో మెల్లగా నిమిరి చూడండి. వట్టి చేతికి తెలియని గరుకు కూడా సంచి మీదుగా స్పష్టంగా తెలుస్తుంది. నున్నగా ఉంటే అక్కడితో ఆపేయండి. గరుకుగా ఉన్నా నేరుగా క్లే చేతిలోకి తీసుకోవద్దు. రసాయనం చేయగలిగిన పనిని చేతితో చేయించకూడదన్నది నా నియమం. ఇనుప రజనును కరిగించే ఐరన్ రిమూవర్ కొడితే ఆ రజనుతో కలిసి ఊదారంగు కన్నీళ్ళలా కారుతుంది (అందులో ఉండే థయోగ్లైకోలేట్ జాతి రసాయనాన్నే జుట్టుకు వంకీలు తిప్పే మందుల్లోనూ వాడతారు, ఆ ఘాటు వాసన దానిదే), అది ఆరిపోకముందే నీళ్ళతో కడిగేయాలి. తారు చుక్కలకు తారు రిమూవర్ ఉంది. ఈ రెండూ అయ్యాక మిగిలే గరుకు, మొదట ఉన్నదానితో పోలిస్తే చాలా తక్కువ, క్లేకు అప్పగించవలసింది ఆ మిగిలినదానినే.

ఇక అసలు పని. నీడలో, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడే చేయాలి. వేడి రేకు మీద లూబ్రికెంట్ క్షణాల్లో ఆరిపోతుంది, ఆరిన చోట క్లే అతుక్కుని ముద్దముద్దలుగా మరకలు వదులుతుంది. మొత్తం బార్ వాడకుండా ఒక ముక్క తుంచి, బిగుసుకుని ఉంటే గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, మూడు వేళ్ళ కింద సరిపోయే బిళ్ళగా అదమాలి. ఒకసారికి రెండడుగుల చదరం చాలు. క్లే కోసం తయారుచేసిన లూబ్రికెంటైనా, నీటిలో తగినంతగా కలిపిన కారు షాంపూ అయినా పరవాలేదు కానీ, వట్టి నీళ్ళు మాత్రం చాలవు. ఆ చదరంతో పాటు క్లే ముక్కను కూడా తడిపి, వేళ్ళ బరువు తప్ప ఇంకే బరువూ వేయకుండా తిన్నగా ముందుకూ వెనక్కూ జరపాలి. గుండ్రంగా తిప్పవద్దు, పొరపాటున నలక ఇరుక్కుని గీత పడినా తిన్నని గీతను తీయడం వలయాన్ని తీయడంకన్నా తేలిక. మొదట్లో చిన్న రాపిడి శబ్దం, చేతికి ఒక పట్టు తెలుస్తాయి. నాలుగైదు సార్లు జరిపేసరికి శబ్దం తగ్గి ముక్క దానంతటదే జారుతుంది. ఆ జారుడే పని అయిందన్న గుర్తు, ఆ తరువాత జరిపే ప్రతి చేయీ దండగ. ప్రతి చదరానికీ ముక్కను తిప్పి చూసి, మురికి లోపలికి పోయేలా మడిచి పిసికి కొత్త ముఖం తీయాలి. డోర్ల అడుగు భాగం, బంపర్లు చిట్టచివర. ఇసుక ఎక్కువగా ఉండేది అక్కడే.

క్లే రకాలలో మెత్తనిది, మధ్యరకం, గట్టిది అని ఉంటాయి. మెత్తనిదే కొనండి. దానికి లొంగనిది సొంత కారు మీద అరుదు.

కింద పడిన ముక్కను పారేయాలన్న సంగతి ప్రతి పెట్టె మీదా రాసి ఉంటుంది. నా దానిమీదా ఉంది. మా నల్ల కారు బానెట్ సగం అయ్యాక తడి చేతిలోంచి ముక్క జారి నేలమీద పడింది. దాదాపు కొత్తది, పైగా ఆ రోజు నా దగ్గరున్నది అదొక్కటే. నీళ్ళతో కడిగి, పిసికి, ఎగాదిగా చూసి, ఏమీ కనిపించకపోయేసరికి మళ్ళీ పెట్టాను. రెండోసారి జరిపినప్పుడు చేతికి సన్నగా గీరినట్టు తెలిసింది, ఆపేసరికి జానెడు పొడుగున రెండు గీతలు జంటగా దిగిపోయాయి. మెత్తని ముద్దలో కూరుకుపోయిన ఇసుక రేణువు కడిగితే ఎలా వస్తుంది? పట్టుకోవడమే దాని పనైనప్పుడు, నలకను పట్టుకున్నట్టే ఇసుకనూ పట్టుకుంటుంది. అప్పటినుంచి బార్‌ను ముందే నాలుగు ముక్కలు చేసి పెట్టుకుంటున్నాను. ఒకటి పడితే పోయేది నాలుగో వంతే కనుక పారేయడానికి చేతులు వస్తాయి.

ఈ బాధ లేకుండా క్లే లాంటి పొర అంటించిన చేతి తొడుగు (క్లే మిట్), తువ్వాలు (క్లే టవల్) వచ్చాయి కదా అంటారు. కింద పడినా కడిగి వాడుకోవచ్చన్నది, పని త్వరగా అవుతుందన్నది నిజమే. అయితే వాటిలో పట్టిన నలక ముద్దలో ఇమిడిపోయే వీలు లేదు, ఉపరితలం మీదనే ఉంటుంది, అందుకే ముదురు రంగుల మీద అవి మసక చారలు వదలడం ఎక్కువ. పాలిష్ ఎలాగూ పట్టబోయే కారైతే అవి చాలు. పాలిష్ ఆలోచన లేనివారికి నేను వాటిని సూచించను.

నెలనెలా క్లే చేయమనే మాట మీద మాత్రం నాకు నిజంగానే కోపం వస్తుంది. నల్లబడిన ముక్కను కెమెరాకు చూపించి ‘చూశారా ఎంత మురికి’ అనడం సులువు, కానీ ఆ ముక్క మురికితో పాటు కారు మీద రక్షణకు పూసిన వ్యాక్స్‌నూ సీలెంట్‌నూ కూడా తీసుకుపోయిందని ఆ వీడియోలో ఎంతమంది చెబుతున్నారు? ఏడాదికి ఒకటి రెండు సార్లు, అదీ సంచి పరీక్షలో గరుకు తేలితేనే, చాలామందికి సరిపోతుంది. చేసిన రోజునే వ్యాక్సో సీలెంటో వేయాలి, లేకపోతే ఆ నున్నదనం మీద రక్షణ ఏదీ ఉండదు. మెరుపు లేని మ్యాట్ రంగు మీద క్లే పెట్టనే వద్దు, అక్కడక్కడా నిగారింపు వచ్చి మరకల్లా కనిపిస్తే దాన్ని సరిచేసే మార్గం లేదు. కొత్తగా రంగు వేయించిన భాగం పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. రంగు మీద గట్టి రక్షణ పొరగా వేసే సిరామిక్ కోటింగ్ ఉన్న కారైతే ఐరన్ రిమూవర్‌తోనే సరిపెట్టుకోవడం మేలు; క్లే ఆ కోటింగును కూడా అరగదీస్తుంది.

నా బానెట్ మీది గీతలు పక్కనుంచి దీపం వెలుతురు పడితే ఇప్పటికీ కనిపిస్తాయి. పాలిష్ పట్టించి తీసేయమని చూసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. గీత తీయాలంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత లోతు దాకా దించాలి. నేను తీయించలేదు.