పిల్లలమర్రికి బి గ్రేడు

మహబూబ్‌నగర్ ఊరి బయట కొన్ని వందల ఏళ్లుగా ఒక చెట్టు నిబంధనలకు విరుద్ధంగా పెరుగుతోంది. ఈ సంగతి అధికారుల దృష్టికి తేవడం పౌరుడిగా నా బాధ్యత. చెట్టు పేరు పిల్లలమర్రి. మూడెకరాలకు పైగా ఆక్రమించింది. అదైనా క్షమించవచ్చు గానీ, దానికి కాండాలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. ఇన్ని తరాలు దాని నీడలో సద్దులు విప్పుకుని తిన్నాయి, ఒక్కరికీ అనుమానం రాలేదు. చివరికి మొన్న మా మేనకోడలు చదివే స్కూల్లో పట్టుకున్నారు.

పిల్ల మూడో తరగతి. స్కూలు పేరు చెప్పను. చెప్పినా మీ పిల్లలు పోయే స్కూలుకూ దానికీ యూనిఫాం రంగు తప్ప తేడా కనబడదు. 'మీకు నచ్చిన చెట్టు గీసి రంగులు వేయండి' అని హోంవర్క్ ఇచ్చారు. అందులో 'నచ్చిన' అనే మాట ఊరికే మర్యాదకు వేసిందని పెద్దవాళ్లకు తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? నమ్మింది. డ్రాయింగ్ బుక్కు అడ్డంగా తిప్పి, రెండు పేజీలు కలిపి పిల్లలమర్రి గీసింది.

ఆ బొమ్మ నా దగ్గర ఉంది. ఊడలు లెక్కపెట్టాను, పంతొమ్మిది. కొన్ని నేలకు దిగి లావెక్కాయి, కొన్ని ఇంకా గాలిలోనే ఊగుతున్నాయి. కొమ్మలకు సీసాలు వేలాడుతున్నాయి, ఒక్కో సీసా నుంచి ఒక్కో సన్నటి నీలం గొట్టం. మానులోపల చెదపురుగులు కూడా కనబడుతున్నాయి, వాటికి కళ్లున్నాయి. కింద అమ్మమ్మ కూర్చుని సీతాఫలం తింటోంది. ఆమె కడుపులో మూడు నల్లటి గింజలు. అమ్మమ్మ మింగేసిందట, అది మాత్రం నిజమే.

దాని మీద ఎర్ర పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకు ఇంటు. పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో తీర్పు: 'ఓన్లీ వన్ ట్రంక్. వై బాటిల్స్? బి నీట్.' గ్రేడు బి.

సీసాలు ఎందుకంటే, మేడం గారూ, 2018లో ఆ చెట్టుకు నిజంగానే సెలైన్ ఎక్కించారు. అంతకు ముందు ఏడాది చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడింది, మానును చెదలు తినేస్తున్నాయని తేలింది. చెదల మందు కలిపిన నీళ్లను సీసాల్లో పోసి, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు చుక్క చుక్కగా దింపారు. దేశమంతా పేపర్లలో చదివింది. మా మేనకోడలికి చదవాల్సిన పని పడలేదు. "చెట్టుకు జరమొచ్చింది బిడ్డా, గ్లూకోజు ఎక్కిచ్చిండ్రు" అని అమ్మమ్మ అన్నం కలుపుతూ చెప్పింది. అంటే ఎర్ర పెన్ను కొట్టేసింది పాలమూరు చరిత్రను. సరే, పోనీయండి, సిలబస్‌లో లేదు.

ఇప్పుడు జరగాల్సింది ఒక్కటే. బొమ్మ తప్పయితే చెట్టూ తప్పే కాబట్టి వెంటనే ఒక తనిఖీ బృందాన్ని పిల్లలమర్రికి పంపాలి. బృందంలో ఒక స్కేలు, ఒక ఎర్ర పెన్ను, ఒక రబ్బరు ఉండాలి. ముందు అసలు కాండం ఏదో తేల్చాలి. అది అంత సులువు కాదు, ఊడలన్నీ మేమే అసలంటాయి. తేలిన దాని చుట్టూ సున్నం గీత గీసి, మిగతావి 'అవుటాఫ్ సిలబస్' అని రాసి అటవీ శాఖకు అప్పజెప్పాలి. కొమ్మలు గీత దాటి బయటికి పోయాయి కాబట్టి 'బి నీట్' అని ఇంకో నోటీసు. ఆకులు కొన్నిచోట్ల ముదురు, కొన్నిచోట్ల లేత. రంగు సమంగా నింపలేదు, అరమార్కు కోత. చివరగా, వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగుకు చెట్టు తన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రావాలి. 2025లో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు ఈ చెట్టు కింద నిలబడి ఫొటోలు దిగి మురిసిపోయారు. ఒక్కరైనా కాండాలు లెక్కపెట్టలేదు. వాళ్ల చదువులు అలా ఏడ్చాయి.

మరి సరైన చెట్టు ఎలా ఉంటుంది? అది మీకు తెలుసు. మీరూ గీశారు. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కింద పాములా వంకరలు తిరిగే నది, నది పక్కన గుడిసె, గుడిసె పక్కన వంగిన కొబ్బరిచెట్టు. దీన్నే సీనరీ అంటారు. మక్తల్ నుంచి మిర్యాలగూడ దాకా ఏ స్కూలుకైనా పోండి, ఇదే సీనరీ. పాలమూరు గుట్టలను ఒక్కసారి చూసినవాడు త్రికోణం గీయగలడా? గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, ఇప్పుడు పడుతుందా అప్పుడు పడుతుందా అన్నట్టుంటాయి. కింద తాటిచెట్లు, ఈతచెట్లు, తుమ్మలు. బాలానగర్ సీతాఫలం పేరు దేశంలో పండ్ల తోటలవాళ్లందరికీ తెలుసు, మన డ్రాయింగ్ బుక్కుకు తెలియదు. గద్వాల, నారాయణపేట మగ్గాల చప్పుడు మధ్య పెరిగే పిల్లకు ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో స్కూలు నేర్పుతుందట! తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసిన ఏలె లక్ష్మణ్‌ది ఉమ్మడి నల్గొండ జిల్లానే. కాకతీయ తోరణం గీశారు, చార్మినార్ గీశారు, పక్కన కొబ్బరిచెట్టు పెట్టలేదు. ఏ గ్రేడు వచ్చిందో మరి.

ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు కంటికి కనిపించింది కాకుండా తమకు తెలిసింది గీస్తారని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్య పండితుడు ఎప్పుడో చెప్పాడు. గోడ అడ్డమున్నా ఇంట్లో మంచం కనబడుతుంది, పొట్ట అడ్డమున్నా గింజలు కనబడతాయి. అది ఆ వయసు తీరు, తప్పు కాదు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే చిత్రకారుడు 1897లోనే పిల్లలు తమకు తోచింది గీసుకునేందుకు ఒక క్లాసు తెరిచాడు. మనం ఇంకా 'గీత దాటకు' దగ్గరే ఉన్నాం. పిల్ల అమ్మమ్మ కడుపులో గింజలు కూడా చూసింది. మేడం పేజీ మీద చెట్టును కూడా చూడలేదు.

మేడంను అంటున్నాను గానీ, ఆమెను అని ఏం లాభం? గదిలో నలభై రెండు మంది. డ్రాయింగ్ శుక్రవారం చివరి పీరియడ్, అది కూడా పరీక్షలు దగ్గర పడితే లెక్కలకు పోతుంది. ఆమెకూ చిన్నప్పుడు ఎవరో బోర్డు మీద కొబ్బరిచెట్టే గీసి ఉంటారు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. 2009 విద్యాహక్కు చట్టం ఏం చేసింది? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళలకు ఒక పార్ట్ టైం టీచరును రాసింది. ఒకటి నుంచి ఐదుకు? ఏమీ లేదు. అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, అన్నీ వాళ్లే చూసుకోవాలి. సర్కారు బడి సంగతి అది. వేలకు వేలు ఫీజు గుంజే ప్రైవేటు స్కూలుకు ఏం రోగం? పన్నెండు రంగుల డబ్బా బయట కొంటే ఊరుకోరు, వాళ్ల దగ్గరే కొనాలి. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం కళలకు ఒక గడి, అందులో ఒక గ్రేడు. నేర్పనిదానికి మార్కులేంటి? పిల్ల బొమ్మ గీయడం నేర్చుకున్నది ఇంటి ముందు అమ్మమ్మ ముగ్గు వేస్తుంటే చూసి, బతుకమ్మ పేరుస్తుంటే పక్కన కూర్చుని. మీరు నేర్పింది ఒక్కటే, భయం. మొన్నటి దాకా గోడలు, సిమెంటు బస్తాలు, మా బావ కరెంటు బిల్లు, దేన్నీ వదలని పిల్ల ఇప్పుడు తెల్లకాగితం ఇస్తే నా మొహం చూస్తోంది. "ఏం గీయాలె మామా? నువ్వు ఫస్టు గీయి, నేను చూసి గీస్తా" అంటోంది. ఎనిమిదేళ్లకే! దీనికి ఫీజు కట్టాం, రసీదు కూడా ఉంది.

నిన్న మళ్లీ డ్రాయింగ్ బుక్కు తెచ్చింది. కొత్త పేజీలో కొబ్బరిచెట్టు. కాండం ఒక్కటే, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆకుపచ్చ ఎక్కడా గీత దాటలేదు. ఎ ప్లస్, పక్కన నవ్వుతున్న స్టిక్కరు.

"కాయలు మూడే ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అన్నాను.

"బోర్డు మీద మూడే ఉండె మామా."